చూడని శిల్పము, వినని గానము

హైదరాబాదు ట్యాంకుబండు మీదుగా నిత్యము వేలకొలది జనులు ప్రయాణించుచుందురు. 1986లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము ఆ గట్టుపై 33 కాంస్య విగ్రహములను నెలకొల్పినది. నన్నయ, తిక్కన, మొల్ల, అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య మొదలుకొని మఖ్దూం మొహియుద్దీన్ వఱకు పలువురు అందు గలరు. తెలుగు వాచకపు విషయసూచికయే కంచుబొమ్మలై వరుస దీరినదా యనిపించును. అయినను బస్సు కిటికీ ప్రక్కన గూర్చున్న విద్యార్థి చేతిలోని ఫోను నుండి తల యెత్తడు. అతనిని నిందించి ప్రయోజనము లేదు. చూడుమని చెప్పిన పెద్దలెవరు?

నన్నయ రూపమెట్టిదో నేడెవరికిని తెలియదు. మొల్ల విషయమును అంతే. కావున ఆ విగ్రహములలో కనబడునది కవి ముఖము గాదు, శిల్పి యూహ. ఈ కవికి ఈ వయస్సేల యిచ్చెను, ఈ చూపేల పెట్టెను అని ఉపాధ్యాయుడు ప్రశ్నించినచో విద్యార్థి విగ్రహము నుండి కావ్యమునకు మరలక తప్పదు. తరగతిలో అరగంట సాగు కవిపరిచయము కంటె గట్టుపై పది నిమిషముల ప్రశ్న మేలనిన కొందరు ఒప్పుకొనకపోవచ్చును. పరీక్షించి చూచుటలో నష్టమేమి?

2011 మార్చి 10న ఉద్యమావేశమున పెక్కు విగ్రహములు ధ్వంసమై, తరువాత పునరుద్ధరింపబడినవి. ఎవరికి చోటు దక్కినది, ఎవరికి దక్కలేదు అను వాదము నాడు తీవ్రముగా సాగెను. దానిని పిల్లలకు దాచనక్కఱలేదు. బహిరంగ స్థలమున నిలిపిన శిల్పము అందఱిదియు గనుకనే అందఱును దానిని గూర్చి వాదింతురు. అద్దాల బీరువాలోని బొమ్మకు ఆ యోగము లేదు.

గట్టు కెదురుగా జలమధ్యమున నిలిచిన బుద్ధుడు రాయగిరి రాతితో గణపతి స్థపతి మలచిన ఏకశిలా విగ్రహము. 1990లో తరలించుచుండగా బల్లకట్టు ఒరిగి సాగరమున మునిగెను. కొందఱు ప్రాణములు గోల్పోయిరి. 1992లో గాని పీఠ మెక్కలేదు. దీపకాంతిలో ఫొటోలు తీసికొనువారిలో ఈ మాట యెఱిగినవా రెందఱు?

ఇక సంగీతము. రవీంద్రుని శతజయంతికి 1961లో వెలసిన రవీంద్రభారతిలోను, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోను సాయంకాలములందు గానమో నృత్యమో తఱచు జరుగుచునే యుండును. పెక్కు సభలకు టిక్కెట్టు లేదు. వచ్చువారు మాత్రము ఎక్కువగా తల నెరసినవారే. (సన్మానములు కచేరీ కంటె దీర్ఘమగుట మన సభల పాత జబ్బు, నిర్వాహకులు ముందు దానిని నయము చేసికొనవలెను.)

అదే కృతి ఫోనులో లభించుచుండగా సభకేల పోవలెనని విద్యార్థి యడుగును. న్యాయమైన ప్రశ్నయే. ఫోనులోని పాట ఎన్నిమార్లు విన్నను ఒకే తీరున నుండును. సభలో గాయకుడు ఆనాటి గొంతును బట్టి, శ్రోతల మౌనమును బట్టి ఆలాపనను పెంచును, కుదించును. స్వరకల్పనలో అతడు విసరినదానికి వాయులీన విద్వాంసుడు అప్పటికప్పుడే బదులు చెప్పవలెను. మృదంగపు అంచును రాతితో తట్టి శ్రుతి కలుపుట కన్నులార చూచిన బాలునికి శ్రుతి యన నేమో మఱియొకరు చెప్పనక్కఱలేదు. తనియావర్తనము మొదలు కాగానే పెద్దలు కాఫీకి లేచిపోవుటయు అచ్చటనే చూచును. అది తగదని గ్రహించుటయు అచ్చటనే.

పాఠశాల నెలకొక ఆదివారము దీనికి విడిచిన చాలును. ఎండ ముదరకమునుపే గట్టుపై క్షేత్రయ్యను చూపి, ఆయన పదమునకు నర్తకి అభినయించు సభ యెన్నడు తటస్థించునో కనుగొని అచ్చటికి తోడ్కొనిపోవలెను. వ్యయము బస్సు ఛార్జీయే. ట్యూషను పోవునని తల్లిదండ్రులు అభ్యంతరము చెప్పుదురు. వారినిగూడ వెంట బెట్టుకొని పోవుటయే ఉపాయము. సభలలో ఖాళీ కుర్చీలకు కొఱత లేదు.