అన్నీ ఉన్నవాళ్లకు ఆవకాయ

ఇద్దరివీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు, పెళ్లికి ముందే ఫ్లాటు, అందులో ఓవెనూ డిష్‌వాషరూ కాఫీ మిషనూ. అలాంటి జంటకు మనం మోసుకెళ్లే డిన్నర్ సెట్టు రంగుకాగితమైనా విప్పకుండా అటకెక్కుతుంది, ఏడాది తిరక్కుండానే ఇంకొకరి పెళ్లికి బయల్దేరుతుంది. (కొన్ని గోడగడియారాలైతే ఏ గోడా ఎక్కకుండానే ఇలా ఊళ్లు తిరుగుతుంటాయి.) ఇంతకంటే పాత చదివింపులే నయం. పందిట్లో ఒకాయన నోటుపుస్తకం పట్టుకుని ఫలానావారివి నూటపదహార్లు అని పైకి చదివి రాసుకునేవాడు. రేపు ఆ ఫలానావారింట్లో శుభకార్యమైతే పద్దు చూసి, పైన కాస్త కలిపి చదివించేవారు. పెళ్లి ఖర్చుకు ఊరంతా కలిసి ఇచ్చుకునే చేబదులు అది. ఈ జంటకు ఆ అవసరం లేదంటారా? అయితే తింటే అయిపోయేది ఇవ్వండి: ఆత్రేయపురం పూతరేకులు, ఆ మిషన్లో పడే అరకు కాఫీ గింజలు, అన్నిటికంటే మేలు మీ ఇంట్లో కలిపిన ఆవకాయ. కాదు, వస్తువే ఇవ్వాలంటే కొండపల్లి దశావతారాలు. తెల్లపొణికి కర్ర కాబట్టి బరువుండదు, అల్మరాలో ఒక్క అర చాలు. ఏదిచ్చినా స్టేజీ మీద మాత్రం వద్దు. అక్కడ ఫొటో అయ్యాక అది కుర్చీ వెనక కుప్పలో పడుతుంది. నెల్లాళ్లాగి, ముందు ఫోన్ చేసి, వాళ్లింటికే పట్టుకెళ్లండి. జాడీ తిరిగిచ్చేస్తామంటే మొహమాటపడకుండా పుచ్చుకోండి, వచ్చే వేసవికి కావాలిగా.