కావలి రుసుము

"ఊరికే ఎవురన్నా కాపలా కాస్తారా అబ్బీ? దుడ్లు కట్టమను."

2025 ఫిబ్రవరి 28 తర్వాత ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ రోజు వైట్‌హౌస్‌లో ట్రంప్, వాన్స్ కలిసి ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని కెమెరాల ముందే వాయించి పంపారు. ఆ వీడియోని ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో చూశారు. జమ్మలమడుగులో టీ తాగుతూ చూశారు. పులివెందులలో చీనీకాయల బేరం కాసేపు ఆపి చూశారు. డాలస్‌లో ఉండే మా చిన్నాయన దాన్ని మా ఇంటోళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద ఒకే మాట రాశాడు: "మొగోడు." దానికి పడిన దండాలు, సింహం బొమ్మలు చూడాలి.

చిన్నాయన తెలివితక్కువ మనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా అక్కడ పన్ను కడుతున్నాడు, ఓటు వేస్తున్నాడు, తాను కన్సర్వేటివ్‌నని దాపరికం లేకుండా చెప్పుకుంటాడు. ఆయన వాదాన్ని దాని బలంతోనే చెప్పకపోతే నేను కొట్లాటకు దిగడం దండగ. ఆయన చెప్పేదిది. 1949లో నాటో పుట్టినప్పుడు యూరప్ శిథిలాల్లో ఉంది, అమెరికా కాపలా కాయడంలో అర్థముంది. ఇప్పుడు జర్మనీకి ఏం తక్కువ? జాతీయాదాయంలో 2 శాతం రక్షణకు ఖర్చు పెడతామని 2014లో మాటిచ్చి కూడా ఏళ్ళ తరబడి సాగదీశారు. ఒహాయోలో ఫ్యాక్టరీ మూతబడి పని పోయినవాడి పన్నుతో, మంచి పెన్షను, ఉచిత వైద్యం ఉన్న దేశాలకు కావలి కాయడం ఏం న్యాయం? ఈ ఫిర్యాదు ఒబామా కూడా చేశాడు. ట్రంప్ గట్టిగా అడిగాడు కాబట్టే 2025 జూన్‌లో హేగ్‌లో కూర్చుని, 2035 నాటికి 5 శాతం ఖర్చు పెడతామని ఒప్పుకున్నారు.

ఇంతవరకు నాకూ పేచీ లేదు. నలుగురు కలిసి బావి తవ్వుకునేటప్పుడు ఒకడు చేతులు కట్టుకుని నిలబడితే అడగాల్సిందే.

పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర. కలిసి తవ్వుకునే బావి ఒకటి, దప్పికతో ఉన్నవాడి దగ్గర నిలబడి చెంబుకు ధర చెప్పడం ఒకటి. ఉక్రెయిన్‌ని అడిగింది ఆ రెండోది. మేమిచ్చిన సాయానికి బదులుగా 500 బిలియన్ డాలర్ల విలువైన ఖనిజాలు కావాలన్నాడు ట్రంప్. ఆ వైట్‌హౌస్ గొడవ అయిన కొద్ది రోజులకే ఆయుధాలు, నిఘా సమాచారం ఆపేశారు. మళ్ళీ వదిలారు. ఏప్రిల్ 30న ఖనిజాల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మొదట అడిగినదానికంటే అది మెత్తబడిందే, ఒప్పుకుంటాను. కానీ మా గ్రూపులో మెచ్చుకున్నది మెత్తబడిన ఒప్పందాన్ని కాదు, ఆ మొదట అడిగిన తీరుని. యుద్ధం మధ్యలో, చేతిలో ఏమీ లేనివాణ్ణి అడిగిన తీరుని.

అమెరికావాళ్ళు ఎవరిని ఎన్నుకుంటారో వాళ్ళిష్టం. నాకు కాలేది మా కడప జిల్లావాళ్ళు దీనికి ఈలలు వేసినప్పుడు. ఎందుకో చెప్పాలంటే మా సీమ పేరు దగ్గరికి పోవాలి.

పెద్ద సినిమా విడుదలైన మర్నాడు నైజాం ఇంత, సీడెడ్ ఇంత అని వసూళ్ళు చదువుతారు కదా, ఆ సీడెడ్ మేమే. హక్కు వదిలేసి ఇంకొకరికి ఒప్పజెప్పిన నేల అని అర్థం. తెలుగులో దత్తమండలం అన్నారు. వినడానికి దత్తత తీసుకున్నంత ముద్దుగా ఉంటుంది. ఎవరు ఎవరికి ఒప్పజెప్పారో, దేనికి బదులుగా ఒప్పజెప్పారో ఆ ముద్దుపేరులో కనబడదు. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అని పేరు మార్చమన్నది ఊరికే కాదు. సినిమా బయ్యర్లు మాత్రం పాత పేరే ఉంచుకున్నారు.

కథ 1795 నుంచి మొదలుపెడతాను. ఆ ఏడాది మరాఠాలు ఖర్దా దగ్గర నిజాం మీద పడ్డారు. టిప్పు మీద యుద్ధంలో నిజాంతో కలిసి నడిచిన ఈస్టిండియా కంపెనీ ఈ యుద్ధంలో తలదూర్చమని పక్కకు తప్పుకుంది. నిజాం చిత్తుగా ఓడిపోయాడు. భయపడ్డవాడికి సరుకు అమ్మడం తేలిక. మూడేళ్ళకు, 1798లో, వెల్లస్లీ వచ్చి సరుకు చూపించాడు: కంపెనీ పటాలాలు హైదరాబాదులోనే ఉండి నిన్ను కాపాడతాయి, ఖర్చు నీది. ఏటా 24 లక్షల రూపాయలకు పైగా. నిజాం తన దగ్గరున్న ఫ్రెంచి అధికారుల సైన్యాన్ని రద్దు చేసుకోవాలి. అంటే రుసుము కట్టడంతో పాటు, సొంత కర్ర కూడా కింద పడేయాలి.

నగదు బాకీ పడుతుంది, నేల బాకీ పడదు. అందుకని 1800 అక్టోబరులో ఇంకో ఒప్పందం. టిప్పు నుంచి 1792లో, 1799లో నిజాం వాటాకు వచ్చిన సీమంతా, అంటే కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు వైపు కొన్ని తాలూకాలు, పటాలాల ఖర్చు కింద శాశ్వతంగా కంపెనీకి జమ. కంపెనీ అనుమతి లేకుండా నిజాం ఏ రాజ్యంతోనూ మంతనాలు చేయకూడదని కూడా అందులోనే రాసుకున్నారు. జమ్మలమడుగు రైతునో, ప్రొద్దుటూరు సాలెవాణ్ణో ఎవరూ అడగలేదు. వాళ్ళు ఒప్పందంలో పక్షం కాదు, అందులో రాసిన సొమ్ము.

సరే, అంతటితో లెక్క తీరిందా? 1853లో హైదరాబాదు కంటింజెంట్ అనే మరో సైన్యం ఖర్చు బాకీ పడిందని బీరారు కూడా రాయించుకున్నారు. కాపలా ధర పెంచేది కాపలాదారే.

ఇక్కడ నా వాదానికి ఎదురు చెప్పేవాళ్ళు మన్రోను తెస్తారు. తేవాలి కూడా. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వచ్చేనాటికి ఈ సీమలో దాదాపు 80 మంది పాలెగాళ్ళు. వాళ్ళు ఊళ్ళ నుంచి కావలి అని వసూలు చేసేవాళ్ళు. దొంగల నుంచి కాపాడతాం, దానికి రుసుము. కట్టని ఊరికి దొంగలు వచ్చేవాళ్ళు. ఆ దొంగలు ఎవరి మనుషులో ఊరికి తెలుసు. మన్రో సైన్యం పెట్టి ఆ పాలెగాళ్ళను అణిచాడు, ఎవరి పొలానికి వారితోనే పన్ను తేల్చే పద్ధతి తెచ్చాడు. జనం ఆయన్ను మరిచిపోలేదు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. పులివెందులకు అట్లా పోతే గండి వస్తుంది, పాపఘ్ని కొండను చీల్చుకుని పోయే చోటు. రాముడి కోసం వాయుదేవుడు అక్కడ కట్టిన బంగారు తోరణం మహానుభావులకే కనబడుతుందని, కనబడినవాళ్ళు ఎన్నాళ్ళో బతకరని చెబుతారు. అది మన్రో దొరకు కనబడిందట. 1827లో పత్తికొండలో ఆయన కలరాతో పోయాడు. ఇంతకంటే పెద్ద గౌరవం మా సీమ ఒక పరాయివాడికి ఇచ్చినట్టు నాకు తెలియదు.

కానీ ఆ మన్రోనే 1807లో పోతూపోతూ ఏం సిఫారసు చేశాడు? పన్ను మోయలేనంతగా ఉంది, నాలుగో వంతు తగ్గించండి అని. పైవాళ్ళు వినలేదు. ఎందుకు వింటారు? ఈ సీమ వాళ్ళ చేతికొచ్చిందే పటాలం ఖర్చు కింద. మంచి కలెక్టరు వచ్చినా ఆ జమాఖర్చు మారదు. ఎనభై చిన్న కావళ్ళు పోయి ఒక్క పెద్ద కావలి మిగిలింది. కొన్నాళ్ళకు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. మర్నాటి ఏడాది ఫిబ్రవరిలో ఉరి తీసి, తల కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా అది అక్కడే ఉంది. 2019లో సైరా వచ్చినప్పుడు ప్రొద్దుటూరు థియేటర్లలో ఆయన కోసం చొక్కాలు చించుకున్నవాళ్ళే, ఇప్పుడు "దుడ్లు కట్టమను" అంటున్నారు. రెండూ ఒకే నోటితో ఎట్లా అంటారో నాకు అర్థం కాదు.

చిన్నాయన దీనికి చెప్పే జవాబు: "నువ్వు లెఫ్టు పుస్తకాలు చదివి చెడిపోయినావు." సరే, రైటు పుస్తకాలే తీద్దాం. కన్సర్వేటివులు తమ మూలపురుషుడని చెప్పుకునే ఎడ్మండ్ బర్క్ 1785లో బ్రిటిష్ పార్లమెంటులో ఆర్కాటు నవాబు అప్పుల మీద చాలా పెద్ద ప్రసంగం చేశాడు. తేదీ చూడండి: ఫిబ్రవరి 28. జెలెన్‌స్కీని వాయించిన రోజుకు సరిగ్గా 240 ఏళ్ళ ముందు. నవాబు కంపెనీ సైన్యం ఖర్చు కట్టడానికి కంపెనీ ఉద్యోగుల దగ్గరే ఘోరమైన వడ్డీకి అప్పు చేయడం, జిల్లాల శిస్తును ఆ అప్పులవాళ్ళకు రాసివ్వడం, మద్రాసు వైపు పల్లెలు దానికింద నలిగిపోవడం, ఇదీ బర్క్ ఏకరువు పెట్టింది. డబ్బు తీసుకుని కంపెనీ పటాలాలను అవధ్ నవాబుకు అప్పగించి రోహిల్లాల మీదికి పంపినందుకు వారన్ హేస్టింగ్స్ మీద అభియోగం తెచ్చినవాడూ ఆయనే. పార్లమెంటు ఆ అభియోగాన్ని కొట్టేసింది. ఆయన మిగతావాటితో ఏళ్ళ తరబడి పోరాడాడు. సైన్యాన్ని అద్దెకు తిప్పే రాజ్యం అవతలివాణ్ణే కాదు, తననూ పాడు చేసుకుంటుందన్నది ఆయన భయం. అది కన్సర్వేటివ్ భయమే.

అమెరికాలోనూ ఆ దారి ఉండేది. రిపబ్లికన్ సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ 1949లో నాటోకు వ్యతిరేకంగా ఓటేశాడు. సేనాని, రిపబ్లికన్ అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ 1961 జనవరిలో గద్దె దిగుతూ, ఆయుధ పరిశ్రమా సైన్యమూ ఒకటైతే ప్రజాస్వామ్యానికి ముప్పన్నాడు. మనకు అక్కరలేని యుద్ధాల్లోకి పోవద్దు అన్నది గౌరవించదగ్గ మాట. ఆ మాట మీదే ఓట్లడిగి, 2025 జూన్ 22న ఇరాన్ అణు కేంద్రాల మీద బాంబులు వేశారు. టక్కర్ కార్ల్‌సన్, స్టీవ్ బానన్ లాంటి సొంత గుంపువాళ్ళే ఆ యుద్ధంలోకి దిగొద్దని ముందే మొత్తుకున్నారు. సెప్టెంబరులో రక్షణ శాఖను యుద్ధ శాఖ అని పిలవమని ఉత్తర్వు ఇచ్చారు. మా గ్రూపులో అప్పుడూ సింహం బొమ్మలే. కాపలా మానేసినా మొగోడే, బాంబేసినా మొగోడే. ఇందులో కన్సర్వేటివ్ సిద్ధాంతం ఎక్కడుంది? ఉన్నదల్లా బలమున్నవాడి మీద మోజు.

ఆ మోజు మాకు అమెరికా నేర్పలేదు. ఫ్యాక్షన్ రోజుల్లో మా వైపు ఊళ్ళలో ప్రతివాడూ ఏదో ఒక నీడన ఉండాల్సిందే. నీడనిచ్చినవాడు గట్టివాడైతే మనమూ గట్టివాళ్ళమే అనుకునేవాళ్ళు. బాంబు పేలినప్పుడు కాళ్ళు పోయింది, కేసుల్లో ఇరుక్కుని పొలాలు అమ్ముకుంది అనుచరులు. పెద్దలు రాజీ చేసుకుని ఒకే పెళ్ళిలో పక్కపక్కన కూర్చున్నారు. ఇది మా తరానికి కథగా కాదు, ఇంటి లెక్కగా తెలుసు. అయినా టీవీలో కొత్త గట్టివాడు కనబడగానే అతని నీడలో మనకూ చోటుందని లోపల ఎవడో నమ్ముతాడు.

ఆ చోటు ఎంతవరకో 2025లోనే తెలిసింది. ఆగస్టు 27 నుంచి భారతదేశపు సరుకులు చాలావాటి మీద 50 శాతం సుంకం వేశారు. సెప్టెంబరు 19న కొత్త హెచ్‌1బి వీసాకు లక్ష డాలర్లు, మన లెక్కలో 88 లక్షల రూపాయలు. దసరాకని ప్రొద్దుటూరు వచ్చిన మా బంధువుల అమ్మాయి ఆ వార్త విని, అమ్మవారిశాల అలంకారం చూడకుండానే రెండింతల ధర పెట్టి టికెట్టు కొని రాత్రికి రాత్రి బెంగళూరు విమానాశ్రయానికి పరుగెత్తింది. ఆమె దారిలో ఉండగా, ఉన్న వీసాలకు ఇది వర్తించదని వివరణ వచ్చింది. గ్రూపులో ఎవరూ సింహం పెట్టలేదు. నేనే రాశాను: "ఊరికే ఎవురన్నా రానిస్తారా చిన్నాయనా?" ఆయన ఫోన్ చేసి కోప్పడ్డాడు. మనోళ్ళు పద్ధతిగా పోయినోళ్ళు, చదువుకున్నోళ్ళు, పన్ను కట్టేటోళ్ళు, మనకు మినహాయింపు ఉండాల, ఆయనకు మనం మిత్రులమని తెలుసు అన్నాడు.

నిజాం కూడా మిత్రుడే. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 1918లో ఉస్మాన్ అలీ ఖాన్‌కు బ్రిటిష్ ప్రభుత్వపు విశ్వాసపాత్ర మిత్రుడు అనే బిరుదు ఇచ్చారు. ఆ ధైర్యంతో ఆయన బీరారు తిరిగి ఇమ్మని అడిగాడు. 1926 మార్చిలో వైస్రాయ్ రీడింగ్ ఉత్తరం రాశాడు: ఈ దేశంలో సార్వభౌమాధికారం బ్రిటిష్ ప్రభువులది, వాళ్ళతో సమానంగా కూర్చుని బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదని. బీరారు ఇవ్వలేదు. బిరుదు వెనక్కి తీసుకోలేదు.