పత్రికనుండి తెరకు

పత్రికారచయిత నాటకరంగమునకో, చలనచిత్రమునకో, టెలివిజనునకో తరలిపోయినచో అతడు చెడిపోయెనని మన పఠనమందిరములలో అనుకొనుట ఒక అలవాటైనది. "నిన్నటిదాక లోకమునకు బుద్ధులు చెప్పినవాడు నేడు సినిమాకు మాటలమ్ముకొనుచున్నాడు" అని పెదవి విరచుదురు. ఈ నింద న్యాయమైనది కాదు. విలేఖరి నాటకమునకు పోవుటవలన దేశమునకు నష్టము లేదు. నాటకము దొంగదారిని వార్తలోనికి వచ్చుటవలననే నష్టము. మొదటిదానికి నొచ్చుకొని, రెండవదానిని చూచుచు ఊరకుండుట మన తెలివితక్కువ.

పూర్వులను చూతము. కృష్ణాజిల్లా నందమూరున జన్మించిన గూడవల్లి రామబ్రహ్మముగారు మదరాసున 'ప్రజామిత్ర' సంపాదకులుగా నుండి చలనచిత్రములకు పోయిరి. 1938లో 'మాలపిల్ల'ను, 1939లో 'రైతుబిడ్డ'ను తీసిరి. 'మాలపిల్ల'కు మాటలు వ్రాసిన తాపీ ధర్మారావుగారును పత్రికాసంపాదకులే. వెలివేయబడినవారికి దేవాలయప్రవేశము న్యాయమని పత్రికలు ఏండ్లతరబడి వ్రాసినవి. అక్షరము రానివానికి ఆ వ్రాత అందలేదు. తెరమీది బొమ్మ అందినది. 'రైతుబిడ్డ' జమీందారుల ఆగ్రహమునకు గురియైనదనగా, అది తగులవలసినచోటనే తగిలినదన్నమాట. రామబ్రహ్మముగారు పత్రికను విడిచిరని ఎవరనగలరు? చదువనేరని పాఠకులను వెదకికొనుచు పోయిరనుట సబబు.

బందరు 'కృష్ణాపత్రిక'లో పనిచేసిన పింగళి నాగేంద్రరావుగారు అచ్చటి నాటకసమాజమునకు నాటకములు వ్రాసి, పిమ్మట 'పాతాళభైరవి'కి (1951), 'మాయాబజారు'నకు (1957) మాటలు కూర్చిరి. 'ఆంధ్రపత్రిక'లో కలము సానబెట్టిన ముళ్ళపూడి వెంకటరమణగారు తెలుగు తెరకు నవ్వు నేర్పిరి. ఇక గొల్లపూడి మారుతీరావుగారు ఈ దారులన్నింటను నడచినవారు. 1959లో 'ఆంధ్రప్రభ'లో ఉపసంపాదకులు, పిమ్మట ఆకాశవాణి, 'డాక్టర్ చక్రవర్తి'తో చిత్రరచన, 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో నటన, ఆపై టెలివిజను. వారి 'కళ్ళు' నాటకము 1988లో చలనచిత్రమైనది. ఇన్ని ఇండ్లు తిరిగియు 'జీవన కాలమ్' శీర్షికను విడువలేదు. నాటకమాడునపుడు నాటకమనియే ఆడిరి; అభిప్రాయము వ్రాయునపుడు అభిప్రాయమనియే వ్రాసిరి. చదువరిగాని ప్రేక్షకుడుగాని మోసపోలేదు.

మన మెట్టప్రాంతమునకును ఈ సంగతి క్రొత్తగాదు. నాడు జగ్గయ్యపేట దాటినచో నైజాము రాజ్యము. అచ్చటి రైతుల పాట్లను సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947లో 'మాభూమి' నాటకముగా వ్రాసిరి. ప్రజానాట్యమండలి దానిని ఊరూర ఆడినది. మదరాసు ప్రభుత్వము నిషేధించినది. కల్పితపాత్రలు నిజమైన బాధను మోయగలవనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

అయితే నాటకధర్మము వేరు, వార్తాధర్మము వేరు. తెర లేచినపుడే ప్రేక్షకునకు ఇది కల్పనయని తెలియును. తెలిసియే కంటనీరు పెట్టుకొనును. వార్త చదువువాడు అట్లుగాదు, నమ్మి చదువును. 2023 జులైలో ఐతవరమువద్ద మున్నేరు జాతీయరహదారి మీదికి పొంగి రాకపోకలు నిలిచినవి. నాటకకర్త ఆ మున్నేటిచేత మాటలాడింపవచ్చును, ఏడ్పింపవచ్చును. విలేఖరి మాత్రము నీరెంత లోతున్నది, ఏ గంటకు వచ్చినది, ఏ ఊరివారు చిక్కుకొనిరి అను మూడు మాటలును సరిచూచుకొని చెప్పవలెను. అందొక అడుగు హెచ్చించినను అది కవిత్వము కాదు, కల్ల.

హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో వెలసినది. 1995లో ప్రైవేటు తెలుగు ప్రసారములు వచ్చినవి. 2003, 2004 సంవత్సరములతో రేయింబవళ్ళు వార్తలే చెప్పు ప్రసారములు మొదలైనవి. ఇరువదినాలుగు గంటల ఆకలికి ఏ ఊరి వార్తలును చాలవు. చాలనపుడేమి చేయవలెను? ఒక్క సంఘటననే పదిమారులు త్రిప్పి, వెనుక వాద్యము మ్రోగించి, నటులచేత నేరమును మరల ఆడించి చూపుచున్నారు. మూలనెక్కడనో 'చిత్రీకరణ' యని సన్నని అక్షరములు!

న్యాయవాదవృత్తిలో నున్నవారికి ఇందలి అపాయము చక్కగా తెలియును. నందిగామలో గాని జగ్గయ్యపేటలో గాని న్యాయస్థానమున సాక్షిని ప్రమాణము చేయింతురు. ఎదుటిపక్షమువారు అడ్డుప్రశ్నలతో వానిని నిలవేయుదురు. సందేహము మిగిలినచో దాని ఫలము ముద్దాయికి చెందును. తెరమీది నటునికి ప్రమాణము లేదు, అడ్డుప్రశ్న లేదు. ఉదయము పట్టుబడినవాడు సాయంకాలమునకు ఇంటింట దోషియగును. ఏండ్లకు అతడు నిర్దోషిగా విడుదలయైనపుడు రెండవ నాటకమెవ్వరును ఆడరు. వాని బిడ్డకు సంబంధము కుదురని నాడు ఏ సంపాదకుడు వచ్చి నిలబడును? అత్యాచారబాధితురాలి గుర్తింపును వెల్లడించుట భారతీయ న్యాయసంహిత 72వ విభాగము క్రింద నేరము. కేబుల్ టెలివిజను నియమావళి అసత్యములను, అర్ధసత్యములను నిషేధించుచున్నది. చట్టము లేక కాదు, అడుగువారు లేక ఇట్లు జరుగుచున్నది.

ఇక మన యువకుల మాట. తూర్పున విజయవాడ పత్రికాలయములు, పడమట హైదరాబాదు చిత్రశాలలు. నడుమ ఒక్క రాజమార్గము. ఆ మార్గము మీదనే మన రెండు ఊళ్ళు. మండలవిలేఖరులలో పెక్కురకు వచ్చు ప్రతిఫలము ఇల్లు గడుచుటకు చాలదు. ప్రకటనలు సేకరించుకొని బ్రతుకవలసిన గతి. అట్టివాడు పడమటి బస్సెక్కినచో తప్పుపట్టు అధికారము మనకెక్కడిది? పోనిండు. మిర్చియార్డులో ధర విరిగిననాటి రైతు మొగము, సున్నపురాతి గనిలో కూలివాని దగ్గు, కచ్చేరి వసారాలో వాయిదాకై కూర్చున్న ముసలమ్మ ఓపిక వాడు కన్నులార చూచినవాడు. నగరపు గదులలో పుట్టిన కథలకు ఆ చూపు రాదు. ఆ చూపును తెర కెక్కించువాడు మనవాడే.

కావున పోవువారితో మనవి: తెరకు పొండు, కాని సరిచూచుకొను అలవాటును వెంట గొనిపొండు. ప్రసారసంస్థలవారితో మనవి: నటించి చూపునది నటనయని ఆద్యంతము పెద్ద అక్షరములతో తెలుపుడు, విచారణలో నున్న నేరమును ఆడింపకుడు, ముద్దాయి విడుదలయైననాడు అంతే సేపు ఆ మాట చెప్పుడు. పాఠకమహాశయులతో మనవి: మంచి నాటకమునకు టికెట్టు కొనుడు; నాటకమాడు వార్తను కట్టివేయుడు. మీట మీ చేతిలోనే యున్నది.