మాత్ర పప్పులో కలిపి పెడుతున్న ఇళ్ల గురించి

ఈ రోజు పంట సంగతి కాదు, ఇంటి సంగతి. చాలా ఇళ్లలో తలుపేసుకుని గుసగుసగా మాట్లాడుకునే సంగతి.

మనసు జబ్బు ముదిరిన మనిషి మందులు వద్దంటే, ఇంటి దగ్గరే ఉంచి బలవంతంగా వాడించొచ్చా? ఇంగ్లండ్‌లో 2008 నుంచి దీనికో చట్టం ఉంది. డాక్టర్లు షరతులు పెట్టి ఇంటికి పంపుతారు. మళ్లీ ఆసుపత్రిలో ఉంచాల్సిన పరిస్థితి వస్తే వెనక్కి పిలిపిస్తారు. అది ఏ మేరకు పనిచేస్తోందో 336 మంది మీద చూసి 2013లో ఫలితం చెప్పారు. ఆ షరతుల మీద పంపినవాళ్లలోనూ, కొద్దికాలం సెలవు మీద పంపినవాళ్లలోనూ ఏడాదిలోపు మళ్లీ ఆసుపత్రిలో చేరినవాళ్లు 36 శాతమే. తేడా లేదు.

మన 2017 చట్టంలో ఇంటి దగ్గర బలవంతపు వైద్యానికి ఇలాంటి ఆర్డరు లేదు. అంతమాత్రాన మన ఊళ్లల్లో బలవంతం లేదంటారా? పప్పులో మాత్ర కలిపేది ఏంటి? గదిలో పెట్టి గొళ్లెం వేసేది ఏంటి? కాలికి గొలుసు వేసేది ఏంటి? దీనికి డాక్టరు సంతకం లేదు, అడిగే నాథుడు లేడు.

చేసేవాళ్లు చెడ్డోళ్లని నేననను. తనకు జబ్బుందని ఒప్పుకోని కొడుకుని రాత్రంతా కాపలా కాసి, తెల్లారి నాటుకు పోయే తల్లికి నీతులు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ దొంగచాటు మాత్రతో ఒక చిక్కుంది. చేతులు వణికినా, ఒళ్లు బిగుసుకున్నా అది మందు వల్లేనని ఆ మనిషికి తెలియదు, డాక్టరుకు చెప్పుకోలేడు. సంగతి బయటపడిందా, ఇంట్లో అన్నమే ముట్టడు. ఇక గొలుసు సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలొస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది కాలిపోయారు. ఇప్పుడు గొలుసు వేయడాన్ని చట్టమే నిషేధించింది.

మరి ఏం చేయాలి? పరిస్థితి చేయి దాటితే, ఇద్దరు వైద్య నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకుంటే, ఇంటివాళ్లు పెట్టుకున్న దరఖాస్తు మీద 30 రోజుల దాకా ఆసుపత్రిలో ఉంచే దారి చట్టంలో ఉంది. ఆ మాత్రం బలవంతం అవసరమే అంటాను. తర్వాత ఊరికొచ్చాక మాత్రం మందు అందాలి. నెల నెలా బస్సు ఖర్చు, ఒక రోజు కూలి పోగొట్టుకుని పోతే "స్టాకు లేదు, వచ్చే వారం రా" అంటే ఎవరు వాడతారు? అలా ఆగిన మందును మొండితనం కింద రాయొద్దు. సీహెచ్‌సీ నుంచి పైన ప్రతి సర్కారు ఆసుపత్రిలో, అత్యవసర మందుల జాబితాలోని మందులు ఈ రోగులకు ఎప్పుడూ ఉచితంగా దొరకాలని అదే చట్టం చెప్తోంది.

ఎరువు లేదంటే రోడ్డెక్కుతాం. ఈ మాత్రల కోసం ఒక్కసారైనా అడిగామా? వచ్చే గ్రామసభలో అడుగుదాం. మనిషి బాగున్న రోజుల్లోనే కూర్చోబెట్టి, జబ్బు తిరగబెడితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో రాయించుకుందాం. దానికీ చట్టంలో చోటుంది. ఎవరికైనా ఇప్పుడే సాయం కావాలంటే 14416 కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ ఊరి ఆసుపత్రిలో ఈ మందులు దొరుకుతున్నాయో లేదో కింద రాయండి.