వంటింటి కబుర్లు: ద్రాక్ష జెల్లీ



దోణిమలై టౌన్‌షిప్ పిల్లలకూ బ్రెడ్డు మీదికి జెల్లీ కావాలి. బజారు జెల్లీ పొడులు కొన్నింటిలో జెలటిన్ ఉంటుంది. అది పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. శాకాహారులు ప్యాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క చూసి మరీ కొనాలి. ఇంట్లో చేసే ద్రాక్ష జెల్లీకి ఆ బెంగ లేదు. పండులోని పెక్టిన్, పులుపు, మనం వేసే పంచదార, ఈ మూడింటి పాళ్ళు కుదిరితే రసం దానంతటదే గడ్డకడుతుంది.

గింజలేని తియ్య ద్రాక్ష ఇందుకు అంతగా పనికిరాదు. చిక్కబళ్ళాపురం వైపు పండే 'బెంగుళూరు బ్లూ' నల్ల ద్రాక్ష శ్రేష్ఠం. కిలోలో పావువంతు దోరవి ఉండాలి. పెక్టిన్, పులుపు వాటిలోనే ఎక్కువ.

పళ్ళు కడిగి, తొడిమలు తీసి, చిదిమి, కప్పు నీళ్ళతో 10 నిమిషాలు ఉడికించండి. పలుచని గుడ్డలో మూటగట్టి వేలాడదీయండి. పిండకండి, రసం మసకబారుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే అడుగున గాజురవ్వలాంటి పలుకులు పేరుకుంటాయి. పైతేట మాత్రమే వంచుకోండి.

పంచదార వేసేముందు ఒక పరీక్ష. చెంచా రసంలో రెండు చెంచాల స్పిరిట్ కలిపి నిమిషం ఆగండి. ఒకే ముద్దగా కడితే పెక్టిన్ బాగున్నట్టు. కప్పు రసానికి ముప్పావు కప్పు పంచదార వేయండి. పీచుల్లా విడిపోతే దోరజామ ముక్కలు ఉడికించిన నీరు కొంత కలిపి మళ్ళీ చూడండి. పరీక్షించిన రసం విషం, వెంటనే పారబోయండి. ఈ చిన్న పరీక్ష వల్ల పంచదార దండగ కాదు.

చెంచా నిమ్మరసం వేసి పెద్ద మంట మీద మరిగించండి. 105 డిగ్రీలని పుస్తకాల్లో రాసేది సముద్రమట్టం లెక్క. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ నీరు మరిగే వేడి సుమారు 1 డిగ్రీ తగ్గుతుంది. మన కొండప్రాంతంలో ఆ అంకె కోసం కాచుకుంటే జెల్లీ ముదిరి బంకవుతుంది. గరిటె ఎత్తి వంచినప్పుడు చివరి చుక్కలు రెండూ కలిసి రేకులా జారితే చాలు, దించేయండి.

నురుగు తీసి, మరిగించి ఆరబెట్టిన గాజుసీసాల్లో వేడిగా పోయండి. చల్లారేదాకా కదపకండి. మర్నాటికీ గట్టిపడకపోతే దిగులెందుకు? చల్లని నీళ్ళలో కలిపితే వచ్చిన చుట్టాలకు చక్కని షర్బత్!