కణితి కొలత ఎవరికొరకు?

అండాశయమునందు జనించు క్యాన్సర్ చిరకాలము నిశ్శబ్దముగా పెరుగును. కడుపుబ్బరము, ఆకలి మందగించుట, పొత్తికడుపులో బరువు మొదలైన సామాన్య బాధలను అజీర్ణమని భావించి ఇల్లాలు సరిపెట్టుకొనుచుండగనే వ్యాధి ఉదరమంతటను వ్యాపించుట తరచు జరుగుచున్నది. ఇట్టి రోగి ఎంతకాలము జీవించునను విషయమును వైద్యులు వ్యాధి దశను బట్టియు, శస్త్రచికిత్స పిమ్మట లోపల మిగిలిన కణితి పరిమాణమును బట్టియు అంచనా వేయుచు వచ్చిరి. కణితి కణములలోని డీఎన్ఏను కొలుచుట వీనికి తోడుగా వచ్చిన పద్ధతి.

ఆరోగ్యవంతమైన మానవ శరీరకణమునందు సాధారణముగా 46 క్రోమోజోములుండును. క్యాన్సర్ కణములందు ఈ లెక్క తరచు తప్పును. క్రోమోజోముల పంపకములో కలుగు అవ్యవస్థయే దుష్టకణితులకు మూలము కావచ్చునని జర్మను శాస్త్రజ్ఞుడు థియోడర్ బొవేరీ 1914లోనే ప్రతిపాదించెను. 1924లో రాబర్ట్ ఫాయిల్గెన్ డీఎన్ఏను ప్రత్యేకముగా చూపు రంగు పద్ధతిని కనుగొనెను. రంగు గాఢతను కొలిచిన డీఎన్ఏ పరిమాణము తెలియును; క్రోమోజోముల లెక్క తప్పినచో ఆ పరిమాణమును మారును. మైనపు దిమ్మలలో ఏండ్లతరబడి భద్రపరచిన కణితి ముక్కలనుండియు ఈ కొలత తీయవచ్చునని డేవిడ్ హెడ్లీయు, ఆయన సహచరులును 1983లో చూపిన పిదప, ఎవరు జీవించిరో ఎవరు మరణించిరో ముందే తెలిసియున్న రోగుల కణితులను వెనుదిరిగి పరీక్షించుటకు మార్గము తెరచుకొన్నది.

ఆ మార్గమున నార్వే దేశపు ఆస్లో నగరములోని రేడియం ఆసుపత్రి వైద్యులు చేసిన కృషి మిక్కిలి విలువైనదని నా అభిప్రాయము. నిరపాయకరములని గాని, పూర్తిగా క్యాన్సర్లని గాని చెప్పవీలులేని సరిహద్దు కణితులను వారు పరిశీలించి, డీఎన్ఏ పరిమాణము సహజముగా నున్నవారికి ప్రాణభయము మిక్కిలి తక్కువయనియు, అది వికృతమైనవారికి హెచ్చనియు తేల్చిరి. ఇట్టి కణితులు పిల్లలను కనవలసిన వయస్సులోని స్త్రీలకును వచ్చును గనుక, ఎవరికి కీమోథెరపీ అనవసరమో, ఎవరిని జాగ్రత్తగా కనిపెట్టియుండవలెనో నిర్ణయించుటలో ఈ కొలత సహాయపడగలదు.

ముదిరిన క్యాన్సర్ సంగతి వేరు. అచ్చట అధిక సంఖ్యాకములైన కణితులలో డీఎన్ఏ వికృతమై యుండుటచే ఒకరిని మరియొకరినుండి వేరుచేయుట కష్టము. ఒకే కణితియందు ఒకచోట ఒక లెక్క, మరొకచోట మరొక లెక్క కనబడుటయు కలదు. చికిత్సను ఏమాత్రము మార్చజాలని ఆయుర్నిర్ణయమును రోగి కోరకయే ఆమె చేతికిచ్చుట వైద్యము కాదు.

పరిమాణమును గాక జన్యులోపమును వెదకు డీఎన్ఏ పరీక్ష చికిత్సను నిర్దేశించిననాడు దాని స్వరూపమే మారును. బీఆర్‌సీఏ అను జన్యువునందు లోపము గలిగి, తొలి కీమోథెరపీకి లొంగిన ముదిరిన అండాశయ క్యాన్సర్ రోగులకు ఓలాపరిబ్ మాత్రలిచ్చి చేసిన పరిశోధన ఫలితములు 2018లో వెలువడినవి. మూడేండ్ల తరువాత వ్యాధి తిరిగి ముదరక జీవించియున్నవారు ఆ మందు వాడినవారిలో నూటికి సుమారు 60 మంది, వాడనివారిలో 27 మంది. కావున మన ప్రభుత్వ ఆరోగ్య పథకములు మొదట ఇట్టి పరీక్షకును, దాని వెంట రావలసిన మందుకును వ్యయము చేయవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ లోపము తల్లియందున్నచో ప్రతి బిడ్డకును అది సంక్రమించుటకు సగము అవకాశము కలదు. రోగి అంగీకారముతో ఆమె కుమార్తెలకును, అక్కచెల్లెండ్రకును ఆ పరీక్షను ఉచితముగా చేయవలెను.