కథ ఉంది సరే... సినిమా ఏదీ?

సినిమా చూసి హాల్లోంచి బయటికొస్తూ "ఇంతకన్నా మంచి కథ నా దగ్గరుంది గురూ!" అని పక్కవాడితో అనని కుర్రాడు తెలుగునాట ఉన్నాడంటే నేను నమ్మను. ఈ విషయంలో అమ్మాయిలూ ఏం తక్కువ తినలేదు. కథలకి మనకేం కొదవలేదు. కానీ "ఏదీ, ఆ కథని కాగితం మీద పెట్టి చూపించు" అన్నారో, తల గోక్కునేవాళ్లే ఎక్కువ. కొందరు హీరో ఎంట్రీ చెబుతారు. నాలుగు డైలాగులు విసురుతారు. ఒక ఫైటూ, ఒక ట్విస్టూ చెప్పి "మిగతాది డిస్కషన్లో చూసుకుందాం సార్" అంటారు. ఆ మిగతాదే సినిమా అన్న సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు పాపం!

అందుకే ఈ వారం స్క్రీన్‌ప్లే సంగతి చూద్దాం. దీన్నేదో బ్రహ్మపదార్థంలా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. భయపడకండి. ఇల్లు కట్టేముందు ప్లాను గీస్తాం చూడండి, అలాంటిదే ఇదీ.

మాటలు రాస్తే స్క్రీన్‌ప్లే కాదు

కొత్తగా రాసేవాళ్లు కలం పట్టగానే మొదట రాసేది డైలాగు. ప్రాస కుదిరిందా, హాల్లో ఈల పడుతుందా అని చూసుకుంటారు. వాళ్లందరూ 1987లో వచ్చిన "పుష్పక విమానం" ఒకసారి చూడాలి. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో పాత్రలు ఒక్క మాటా మాట్లాడవు. అయినా కమల్ హాసన్ వేసిన ఆ నిరుద్యోగి కష్టమేమిటో, ఆశేమిటో, చివరికి అతనికి ఏం తెలిసొచ్చిందో చిన్నపిల్లాడికి కూడా అర్థమవుతుంది. మాటలు లేకపోయినా స్క్రీన్‌ప్లే ఉంది మరి! ఏ దృశ్యం తర్వాత ఏ దృశ్యం, ఏది ముందు చూపించాలి, ఏది దాచాలి, ఎంతసేపు చూపించాలి... ఈ ఏర్పాటు పేరే స్క్రీన్‌ప్లే. మాటలు ఆ తర్వాత వచ్చే నగలు. మనిషే లేకుండా నగలు చేయించి ఏం లాభం?

ముందు ఒక్క వాక్యం

మీ కథ ఒక్క వాక్యంలో చెప్పగలరా? "అదెలా సార్, రెండు గంటల కథ!" అనకండి. పాఠానికి పాత సినిమానే తీసుకుందాం. 1955లో విజయా వారి "మిస్సమ్మ" వచ్చింది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, మాటలు చక్రపాణి. దాని కథ ఇదీ: పెళ్లికాని ఇద్దరు నిరుద్యోగులు, మతాలు కూడా వేరైనవాళ్లు, ఉద్యోగం కోసం మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి ఒకే ఇంట్లో కాపురం పెడతారు.

ఈ వాక్యంలో మూడు సంగతులున్నాయి చూడండి. ఎవరు? ఇద్దరు నిరుద్యోగులు. ఏం కావాలి? ఉద్యోగం. అడ్డేమిటి? తాము ఆడిన అబద్ధమే. ఈ మూడూ ఉన్న వాక్యం దొరికితే మీ దగ్గర సినిమాకి విత్తనం ఉన్నట్టు. "ఒక మంచి కుర్రాడు, పల్లెటూరు, ప్రేమ, సెంటిమెంటు..." అంటే అది విత్తనం కాదు, సరుకుల చీటీ!

"తర్వాత" కాదు, "అందుకని"

రెండో మెట్టు సీన్ ఆర్డరు. మన పరిశ్రమలో వన్‌లైన్ ఆర్డర్ అని కూడా అంటారు. ఒక్కో సీనుకి ఒక్కో వాక్యం చొప్పున కథ మొత్తం వరసగా రాసుకోవడమన్నమాట. ఇక్కడే తొంభై శాతం పని జరిగిపోతుందని నా నమ్మకం.

రాశాక ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఒక సీనుకీ దాని వెనక సీనుకీ మధ్య ఏ మాట వేస్తే అతుకుతుందో చూడండి. "ఆ తర్వాత" అన్న మాటే పడుతోందంటే కథ నడవడం లేదు, దొర్లుతోంది. "అందుకని" గానీ, "కానీ" గానీ పడితే నడుస్తున్నట్టు.

"మిస్సమ్మ" మీదే ఈ పరీక్ష పెడదాం. అప్పాపురం జమీందారు గోపాలం తన స్కూలుకి చదువుకున్న భార్యాభర్తలే టీచర్లుగా కావాలని ప్రకటన ఇస్తాడు. మేరీకి అప్పుల బాధ. అప్పిచ్చిన డేవిడ్ పెళ్లి చేసుకోమని వెంటపడుతున్నాడు. అందుకని ఆమె రావుతో కలిసి అబద్ధానికి ఒప్పుకుంటుంది. అందుకని ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండాల్సొస్తుంది. కానీ మేరీ క్రైస్తవురాలు, జమీందారు ఇంటి ఆచారాలు ఆమెకి గిట్టవు. కానీ జమీందారు దంపతులు ఆమెని సొంత కూతురిలా చూసుకుంటారు. వాళ్ల పెద్దమ్మాయి చిన్నప్పుడే తప్పిపోయింది మరి! ఇంతలో జమీందారు రెండో కూతురు సీత రావు దగ్గర సంగీతం నేర్చుకుంటుంటే మేరీకి ఒళ్లు మండుతుంది. లేని మొగుడి మీద అసూయేమిటి? అదే ప్రేమ! మేరీ ఆ మాట ఒప్పుకోకముందే మనకి తెలిసిపోతుంది.

ఒక్క గొలుసు లింకు పీకి చూడండి. అప్పు లేదనుకోండి, మేరీ అబద్ధం ఎందుకాడుతుంది? సంగీతం లేదనుకోండి, అసూయ ఎక్కడిది? పీకినా కథ కదలకుండా అలాగే నిలబడిందంటే ఆ సీను అనవసరం అన్నమాట. మీకెంత ఇష్టమైన సీనైనా సరే, పీకెయ్యాల్సిందే. నొప్పిగానే ఉంటుంది. కానీ హాల్లో జనం లేచి టీ తాగడానికి వెళ్లిపోతుంటే చూడటం అంతకన్నా నొప్పి.

ఎవరికి ఏం తెలుసు?

మూడో సంగతి. ప్రతి సీనుకీ మార్జిన్లో రెండు ముక్కలు రాసుకోండి: ప్రేక్షకుడికి ఏం తెలుసు? పాత్రకి ఏం తెలుసు? ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాలోనే మజా అంతా.

1957లో వచ్చిన "మాయాబజార్" చూడండి. శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి తెలుసు. పెళ్లికొచ్చిన కౌరవులకి తెలీదు. అందుకే మహానటి సావిత్రి ఆ సన్నివేశాల్లో కాస్త మగరాయుడిలా కదిలినా చాలు, హాలు గొల్లుమంటుంది. అదే రహస్యం మనక్కూడా దాచిపెట్టి చివర్లో చెప్పి ఉంటే? ఒక్క ఉలికిపాటు మిగిలేది, ఇంత నవ్వు పోయేది.

ఆ సినిమాలో ఇంకో పాఠం కూడా ఉంది. కథంతా అభిమన్యుడి పెళ్లి గురించే, అయినా పాండవులు అయిదుగురూ తెర మీద కనిపించరు! పింగళి నాగేంద్రరావూ, కె.వి. రెడ్డీ వాళ్లు లేకుండానే కథ నడిపించేశారు. ఏం రాయాలో తెలిస్తే రచయిత. ఏం రాయక్కర్లేదో తెలిస్తే స్క్రీన్‌ప్లే రచయిత.

కాస్త లెక్కలు కూడా

సినిమా రెండున్నర గంటలనుకోండి. అంటే 150 నిమిషాలు. సీను సగటున 2 నిమిషాలనుకుంటే 75 సీన్లు. పాటలూ ఫైట్లూ తీసేస్తే ఇంకా తగ్గుతాయి. కాబట్టి 75 అట్టముక్కలు కత్తిరించుకోండి. పాత పెళ్లి శుభలేఖల వెనకవైపు బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఒక్కో దాని మీద ఒక్కో సీను రాసి నేల మీద పరవండి. పైకీ కిందకీ మార్చి చూడండి.

ఇంటర్వెల్ మనవాళ్లకి పెద్ద గడప. అక్కడ పేలుడో ఫైటో ఉండి తీరాలని లేదు. ఇంతవరకూ హీరో వెళ్తున్న దారి మూసుకుపోవాలి, కొత్త దారి వెతుక్కోక తప్పకూడదు. జనం పాప్‌కార్న్ తింటూ "ఇప్పుడేం చేస్తాడు?" అనుకోవాలి. "ఇంకెంతసేపు?" అనుకోకూడదు.

కె.వి. రెడ్డి గారు స్టాప్‌వాచ్ దగ్గర పెట్టుకుని ఏ సీను ఎన్ని నిమిషాలుండాలో షూటింగుకి ముందే తేల్చుకునేవారని పరిశ్రమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసినవారే మన సింగీతం. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు పరుగెత్తేది, ప్రతి అడుగూ డబ్బే. ఇప్పుడు డిజిటల్ వచ్చింది, ఫిలిం ఖర్చు లేదు. కానీ ప్రేక్షకుడి ఓపిక మాత్రం ఇంకా అడుగుల లెక్కనే కరిగిపోతోంది! పేజీకి నిమిషం అనే హాలీవుడ్ లెక్క మన చేతిరాతకి సరిపోదు. గడియారం ఎదురుగా పెట్టుకుని, నటిస్తున్నట్టే బయటికి చదవండి. ఎన్ని నిమిషాలో తేలిపోతుంది.

కాగితం మీద ఎలా?

మన దగ్గర పాత పద్ధతి తేలికైనది. పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు కంటికి కనిపించేది, కుడివైపు చెవికి వినిపించేది. పైన సీను నంబరు, ఇంటిలోపలా బయటా, పగలా రాత్రా, ఎక్కడ అన్నది రాయండి.

ఎడమవైపు రాసేటప్పుడు ఒక్క నియమం: కెమెరాకి కనిపించనిది రాయొద్దు. "రాముకి చిన్నప్పట్నుంచీ నాన్నంటే హడలు" అని రాస్తే డైరెక్టరు ఏం తీస్తాడు? ఇలా రాయండి: టీవీ చూస్తూ నవ్వుతున్న రాము. బయట స్కూటరు ఆగిన శబ్దం. రాము చటుక్కున టీవీ కట్టేసి, పుస్తకం తెరుస్తాడు. పుస్తకం తలకిందులుగా ఉంది. అంతే! ఒక్క మాట లేదు, భయమంతా కనిపించింది, పైగా కాస్త నవ్వూ వచ్చింది.

రైలెక్కే ముందు

ఇప్పుడు అసలు సంగతి. ఒకప్పుడు మనవాళ్లు మద్రాసు మెయిలెక్కి కోడంబాక్కం చేరేవాళ్లు. ఇప్పుడు హైదరాబాదు బస్సెక్కి కృష్ణానగర్లో దిగుతున్నారు. డిగ్రీ మధ్యలో వదిలేసినవాళ్లు, నాన్న పొలం తాకట్టు పెట్టించినవాళ్లు... కథ నోట్లో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. చెప్పిన చోటల్లా చెబుతారు. రెండేళ్ల తర్వాత ఏదో సినిమాలో తన కథలాంటిదే కనిపిస్తుంది. "నాదే!" అని గుండెలు బాదుకుంటారు. చూపించడానికి కాగితం ఉండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది గుర్తుపెట్టుకోండి. ఐడియా మీద ఎవరికీ హక్కు లేదు. దాన్ని మీరు రాసిన తీరు మీదే హక్కు. "న్యూఢిల్లీ" అనే హిందీ సినిమా మీద ఒక నాటక రచయిత వేసిన కేసులో సుప్రీంకోర్టు 1978లో ఈ మాటే తేల్చింది. అంటే నోటితో చెప్పిన లైను గాలికి పోతుంది, రాసిన స్క్రిప్టు మీకు మిగులుతుంది. పూర్తిగా రాసి, రచయితల సంఘంలో రిజిస్టరు చేయించుకుని, ఆ తర్వాతే ఎవరికైనా వినిపించండి.

ఇంకో మాట. ఈ పనంతా చేయడానికి కృష్ణానగర్లో గది అక్కర్లేదు. మీ ఊళ్లో, మీ ఇంట్లో, కాలేజీ నుంచో ఉద్యోగం నుంచో వచ్చాక రోజుకి ఒక గంట చాలు. రోజుకో సీను రాసినా 75 రోజుల్లో మొదటి ప్రతి చేతిలో ఉంటుంది. అది బాగుండకపోవచ్చు. తిరగరాయండి. నష్టపోయేది కాగితమే కదా, పొలం కాదు!

ఈ వారం హోంవర్కు: "మిస్సమ్మ" మళ్లీ చూడండి. నోటుబుక్కు పక్కన పెట్టుకుని సీనుకో వాక్యం చొప్పున ఆర్డరు రాయండి. ఆ పక్క పేజీలో మీ కథని ఒక్క వాక్యంలో రాయండి. ఎవరు, ఏం కావాలి, అడ్డేమిటి... మూడూ కుదిరేదాకా వదలొద్దు. కుదిరిందా? అయితే అట్టముక్కలు కత్తిరించడం మొదలెట్టండి!